చెవితో చేసే పని: విపత్తుల్లో హ్యామ్ రేడియో వాలంటీరుగా తొమ్మిదేళ్లు

వరద వచ్చిన రెండో రాత్రి ఒక సహాయ శిబిరం నుంచి దుప్పట్లు కావాలని సందేశం వచ్చింది. అవతలి ఆపరేటర్ చెప్పింది ఇరవై. నేను రాసుకున్నది అరవై. బయట వాన హోరు, హెడ్‌ఫోన్‌లో గరగర, అప్పటికే పది గంటలుగా కూర్చుని ఉన్నాను. రాసుకున్నది తిరిగి చదివి వినిపించకుండానే 'రోజర్' (అందింది) అనేశాను. ఉన్న దుప్పట్లన్నీ ఆ ఒక్క బండిలోనే వెళ్లిపోయాయి. ఇంకో శిబిరంలో పిల్లలతో ఉన్నవాళ్లు తెల్లారేదాకా తడి బట్టలతోనే కూర్చున్నారని పొద్దున్నే తెలిసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అత్యవసర సమాచారం చేరవేసే హ్యామ్ (లైసెన్స్ తీసుకుని అభిరుచిగా రేడియో నడిపే మనిషి) వాలంటీరుగా చేరి తొమ్మిదేళ్లవుతోంది. కొత్తగా రావాలనుకునేవాళ్లు ముందుగా ఏ రేడియో సెట్ కొనాలని అడుగుతారు. నేను మాత్రం ముందు ఈ దుప్పట్ల సంగతి చెబుతాను. ఇప్పుడు మా గ్రూపులో ప్రతి సంఖ్యనీ అంకెలు విడదీసి మళ్లీ చెబుతాం: 'ఇరవై, రెండు సున్నా' అని. పేర్లయితే A కి ఆల్ఫా, B కి బ్రావో, C కి చార్లీ అనే పద్ధతిలో ఒక్కో అక్షరం. అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించేదాకా ఆ సందేశం చేరినట్టు లెక్క కాదు.

ఫోన్లు ఉండగా ఇదంతా దేనికని చాలామంది అంటారు. కరెంటు పోతే సెల్ టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తుంది. టవర్ నిలబడినా దానికి వచ్చే కేబుల్ తెగితే మూగబోతుంది. అన్నీ బాగున్నా అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే లైన్ దొరకదు. మా సెట్లు మధ్యలో ఏ కంపెనీ నెట్‌వర్కూ లేకుండా నేరుగా మాట్లాడుకుంటాయి. శాటిలైట్ ఫోన్ మంచిదే, నేనూ వాడాను. కానీ అందులో మాట్లాడేది ఇద్దరే. మా నెట్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరం కలిసే చోట) ఒకరు 'వంతెన మీద నీళ్లు పారుతున్నాయి' అన్నారంటే పన్నెండు స్టేషన్లు ఆ మాట అప్పుడే వింటాయి. ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఇదే.

ఇక సామాను. చేతిలో పట్టుకునే 5 వాట్ల హ్యాండీతోనే అందరూ మొదలుపెడతారు, నేనూ అంతే. దాంతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా గదిలోంచి పెద్దగా పని చేయదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం యాంటెన్నా (రేడియో తరంగం పొడవులో దాదాపు నాలుగో వంతు) అంటే దాదాపు 49 సెంటీమీటర్లు. ఆ పొడవున్న యాంటెన్నా ఒకటి మేడ మీద నిలబెడితే అదే 5 వాట్లు ఎంత దూరం పోతాయో చూసి మొదట్లో నమ్మలేకపోయాను. మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ దూరానికి పంపే రిపీటర్‌ను మాత్రం మరీ నమ్ముకోకండి. అదీ కరెంటు మీదే బతుకుతుంది, తరచూ సెల్ యాంటెన్నాలున్న ఎత్తు మీదే ఉంటుంది. ఒకసారి మా రిపీటర్ అర్ధరాత్రి ఆగిపోతే, సింప్లెక్స్‌లో (రిపీటర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కు నేరుగా) ఎవరు ఎవరికి వినిపిస్తారో మాలో ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి నెలకొకసారి రిపీటర్ ఆపేసి ప్రాక్టీస్ చేస్తున్నాం.

దూరపు స్టేషన్ల కోసం నేను బాగా ఇష్టపడేది 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ అనే తీగ యాంటెన్నా. 20 మీటర్ల తీగ, మధ్యలో సెట్ నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్, అంతే. దాన్ని ఎత్తుగా కట్టాలని మొదట్లో తెగ తాపత్రయపడేవాణ్ణి. విపత్తు పనికి అది నేల నుంచి మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటేనే మేలు. సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, ఆకాశంలో ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరకు తగిలి, గొడుగులా చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. మధ్యలో కొండలున్నా ఫరవాలేదు. పగలు 7 మెగాహెర్ట్జ్ (ఈ 40 మీటర్ల బ్యాండే), చీకటి పడ్డాక 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వాడతాం. రెండు చెట్లు, ఒక తాడు ఉంటే ఇరవై నిమిషాల్లో కట్టేయొచ్చు.

నన్ను ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టింది బ్యాటరీ. 100 వాట్ల రిగ్ (పెద్ద సెట్) మాట్లాడేటప్పుడు దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. ఆ విషయం తెలియక రెండు పాడుచేశాను. ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మారాను. వీలైనంతవరకు 20 వాట్లతోనే నెట్టుకొస్తున్నాను.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హ్యామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో ఉంది. ప్రపంచంలోని హ్యామ్‌లతో సంప్రదింపులు జరపడానికి వెళ్లి, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ నడుపుతున్నారు. అదే స్టేషన్‌ను సహాయ సమాచారానికి మళ్లించారు. యాంటెన్నా అప్పటికే పైన ఉంది, మైకు ముందు చేయి తిరిగిన మనిషి ఉన్నారు. మా వారపు నెట్‌లో ఊరికే హాజరు వేయించుకోవడం ఎందుకని విసుక్కునే కొత్తవాళ్లకు ఈ సంగతి తప్పక చెబుతాను.

అందరికీ నచ్చని సంగతులూ ఉన్నాయి. ఎనిమిది గంటల డ్యూటీలో నాలుగంటే నాలుగే సందేశాలు రావచ్చు, మిగతా సమయమంతా వింటూ కూర్చోవాలి. 14,300 కిలోహెర్ట్జ్ ప్రపంచమంతటా అత్యవసర వేళల్లో కలుసుకునే చోటు. ఎక్కడో భూకంపం వచ్చినప్పుడు అక్కడ బలహీనమైన గొంతు వినిపిస్తే, సాయం చేయాలనే ఆత్రంతో పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) మీదకు వేలు పోతుంది. నొక్కితే ఆ గొంతు మీద మన గొంతు పడుతుంది. నెట్ నడిపే స్టేషన్ (నెట్ కంట్రోల్) పిలిచేదాకా నోరు కట్టుకోవడం నేను అన్నిటికంటే కష్టంగా నేర్చుకున్న విద్య.

ఇంకోటి, మన మాటలు ఎవరైనా వినొచ్చు. అర్థం దాచే రహస్య భాష హ్యామ్ బ్యాండ్‌లలో వాడకూడదు. అందుకే చనిపోయినవారి పేర్లు గాలిలో చెప్పను. ఇంట్లోవాళ్లకు ఆ వార్త రేడియోలో చేరకూడదు.

పిలవకుండా వెళ్లడం కూడా తప్పే. ఒక సహాయ కేంద్రం గుమ్మం బయట సామానుతో మూడు గంటలు నిలబడ్డాం. మేమెవరమో లోపలివాళ్లకు తెలియదు. అప్పుడు చాలా కోపం వచ్చింది. కానీ ఆలోచిస్తే, అంతకుముందు ఏడాదంతా మేము వాళ్లను ఒక్కసారీ కలవలేదు. మరుసటి ఏడాది వాళ్ల డ్రిల్స్‌లో పాల్గొన్నాం. తర్వాతి తుఫానుకు వాళ్లే ఫోన్ చేసి, మాకు ఒక టేబుల్, ఒక కిటికీ ఇచ్చారు. ఆ కిటికీలోంచే కోయాక్స్ బయటికి తీశాం.

జీతం ఉండదు, ఉండకూడదు కూడా. ఈ లైసెన్స్‌తో డబ్బు సంపాదించకూడదు. రెండో రోజుకు ఫోన్లు మళ్లీ పని చేస్తే మన అవసరం తీరిపోతుంది. మూట కట్టుకుని ఇంటికి రావాలి, అంతే.

రావాలనుకుంటే, ముందు రెండు నెలలు ఎవరైనా హ్యామ్ పక్కన కూర్చుని నెట్ వినండి. వింటూ రాయండి. సందేశం నంబరు, సమయం, అది ఎంత అత్యవసరం, ఎన్ని పదాలు అన్నవి తప్పక ఉండాలి. పదాల లెక్క సరిపోకపోతే ఏదో జారిపోయిందని అప్పుడే తెలిసిపోతుంది. ఆ తర్వాత పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోండి, ఆపైనే సెట్ గురించి అడగండి. పెన్ను కాకుండా పెన్సిల్ పెట్టుకోండి, తడిసిన కాగితం మీద కూడా రాస్తుంది.