ఎర్ర పళ్ళెం టైమర్: 40 దాటిన ఏడీహెచ్‌డీ ఆడవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

డైరీలూ యాప్‌లూ తర్వాత చూసుకోవచ్చు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం కష్టమయ్యే, చిన్నప్పటి నుంచే ఉండే మెదడు తీరు) ఉండి, తనకంటూ ఒక లక్ష్యం పెట్టుకున్న ఆడవాళ్ళు ముందు కొనాల్సింది ఈ 60 నిమిషాల టైమర్. తెల్లటి డయల్, దాని మీద ఎర్రటి పళ్ళెం. మధ్యలో ఉన్న పిడిని ఎడమవైపుకి తిప్పి 15 దగ్గర ఆపితే డయల్‌లో పావు వంతు ఎర్రబడుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ ఆ ఎరుపు తరుగుతూ పోయి, సున్నా దగ్గర బీప్ మోగుతుంది. ఈ పద్ధతి 1990లలో అమెరికాలో ఒక తల్లి, "ఇంకా ఎంతసేపు?" అని అడిగే చిన్న కూతురి కోసం ఆలోచించింది. దాన్నే టైమ్ టైమర్ పేరుతో అమ్ముతున్నారు. అసలుది వేలల్లో ఉంటుంది, అదే పద్ధతిలో చేసిన మామూలువి వందల్లో దొరుకుతాయి. మన అవసరానికి మామూలుది చాలు.

ఏడీహెచ్‌డీలో తెలివికి లోటుండదు. ఇబ్బందంతా పని మొదలుపెట్టడంలో, దానికెంతసేపు పడుతుందో అంచనా వేయడంలో, మధ్యలో ఆగితే మళ్ళీ అందుకోవడంలో. చిన్నప్పుడు అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల్లో దీన్ని ఎవరూ గుర్తించరు. బద్ధకం, మతిమరుపు అన్న మాటలే మిగులుతాయి. 40 దాటాక, నెలసరి ఆగిపోయే ముందు ఏళ్ళలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎగుడుదిగుడవుతుంది. మెదడులో దృష్టికీ ఉత్సాహానికీ తోడ్పడే డోపమైన్ అనే రసాయనం పనితీరుకి ఈస్ట్రోజెన్ అండ కాబట్టి, అంతవరకూ ఎలాగో నెట్టుకొచ్చినవాళ్ళకి కూడా ఆ వయసులో పట్టు తప్పుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు చేతికి అందివచ్చి, ఆగిపోయిన ఎం.ఏ. పూర్తిచేయాలనో, అన్నమయ్య కీర్తనలు పద్ధతిగా నేర్చుకోవాలనో, అలిపిరి మెట్లు నడిచి కొండెక్కాలనో కోరిక లేస్తుంది.

టైమర్ ఉపయోగం ఇక్కడే. గోడ గడియారం ఇప్పుడెంతయిందో చెబుతుంది, ఇంకెంత మిగిలిందో మనమే లెక్క కట్టుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి ఆ లెక్క దగ్గరే జారిపోతుంది. ఎర్ర ముక్కకి లెక్క అక్కర్లేదు. పైగా చత్వారం వచ్చిన కళ్ళకి అద్దాలు లేకపోయినా గదికి అవతలి నుంచి కనిపిస్తుంది. డిజిటల్ అంకెలకి ఆ సుఖం లేదు. ఫోన్‌లో టైమర్ పెడదామని తెరిస్తే వాట్సాప్ కనబడుతుంది, ఆ గంట అక్కడికి సరి.

వాడే పద్ధతిలో ఒక మెలిక ఉంది. టైమర్ పని మొదలుపెట్టిస్తుందే కానీ, ఏ పనో చెప్పదు. అందుకే ముందురోజు రాత్రే ఒక చీటీ మీద మొదటి కదలిక రాసి టైమర్ కింద పెట్టాలి. "ఎం.ఏ. చదవాలి" అని రాస్తే పనికిరాదు. "రెండో యూనిట్ తెరిచి మొదటి పేరా బయటికి చదవాలి" అని రాయాలి. 15 నిమిషాలు తిప్పి కూర్చోవాలి. బీప్ అయ్యాక 5 నిమిషాల విరామం, దానికి కూడా టైమరే. టైమర్ లేని విరామం ఉతకాల్సిన బట్టల్లోకో పక్కింటి గుమ్మంలోకో వెళ్ళి తిరిగిరాదు. రెండో విడత 25 నిమిషాలు. చివరి 3 నిమిషాలు రేపటి చీటీ రాయడానికే ఉంచుకోవాలి. రోజుకి ఈ రెండు విడతలు చాలు. మొదటి వారంలోనే గంటలు గంటలు లాగితే రెండో వారానికి టైమర్ అల్మరాలో చేరుతుంది.

కీర్తన సాధన చేసేవాళ్ళు స్ప్రింగు టైమర్ కొనకూడదు. బజారులో కిచెన్ టైమర్ అని అడిగితే తరచుగా చేతికొచ్చేది అదే. దాని టిక్‌టిక్ దాని లయలో అది నడుస్తుంది, మీరు వేసే ఆదితాళంతో కలవదు. చదివేవాళ్ళ దృష్టిని కూడా ఆ చప్పుడే లాగేస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే వంటకి ఉంచుకోండి, కానీ పూర్తిగా 60 దాకా తిప్పి వెనక్కి తెచ్చుకోవాలి. నేరుగా 5 దగ్గర పెడితే స్ప్రింగుకి బలం చాలక మధ్యలో ఆగిపోవచ్చు.

అలిపిరి దారి సుమారు 3,550 మెట్లు. నడకలో ఈ టైమర్‌తో పనిలేదు, బయలుదేరడంలో ఉంది. తయారవడానికి 20 నిమిషాలు చాలనిపిస్తే 30 తిప్పండి. మన అంచనా ఎప్పుడూ తక్కువే పలుకుతుంది కాబట్టి సగం కలుపుకోవడం మేలు. టైమర్‌ని చెప్పుల స్టాండు దగ్గర పెడితే ఇంకా మంచిది. ఎండాకాలంలో ఎండెక్కకముందే మెట్లెక్కేయాలంటే తెల్లవారుజామున ఆ పది నిమిషాలే కీలకం.

ఇక లోపాలు. చవకరకాల బీప్ చిన్నది. మిక్సీ తిరుగుతున్నా, కుక్కర్ విజిల్ వేస్తున్నా వినబడదు. పనిలో మునిగిపోయే స్వభావం ఉన్నవాళ్ళు చెయ్యి చాచి ఆపేసి అలాగే కొనసాగిస్తారు, కాబట్టి లేచి వెళ్తే తప్ప అందని చోట ఉంచాలి. 60 నిమిషాల డయల్ మీద ఒక్క నిమిషం అంటే 6 డిగ్రీలే. రెండు మూడు నిమిషాల కొలతలకి దీన్ని నమ్మకూడదు. కొన్ని వారాలయ్యాక కంటికి అలవాటైపోయి అక్కడున్నా కనబడదు. అప్పుడు చోటు మార్చాలి, కొత్తది కొనక్కర్లేదు.

తిరుపతి ఇళ్ళకి ప్రత్యేకమైన చిక్కు చుట్టాలు. దర్శనానికొచ్చినవాళ్ళు ఏ నెలలోనైనా దిగుతారు, బ్రహ్మోత్సవాలప్పుడు చెప్పనే అక్కర్లేదు. నాలుగు రోజులు సాధన ఆగిందంటే ఏడీహెచ్‌డీ మనసు దాన్ని మొత్తంగా వదిలేస్తుంది. ఈ వస్తువుకి అది ఆపే శక్తి లేదు. చుట్టాలు వెళ్ళిన మర్నాడు 15 కాదు, 5 మాత్రమే తిప్పండి. పోయిన రోజుల బాకీ తీర్చే ప్రయత్నం చేయకండి.

ఇది వైద్యం కాదు. ఇంకా నిర్ధారణ కానివాళ్ళు మానసిక వైద్యుల్ని కలవాలి, 12 ఏళ్ళకి ముందు లక్షణాలు ఉన్నాయా అని వాళ్ళు అడుగుతారు. పాత ప్రోగ్రెస్ కార్డులు ఉంటే తీసుకెళ్ళండి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాంటి మందకొడితనమే తెస్తాయి కాబట్టి ఆ పరీక్షలు కూడా అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416.

కొనేటప్పుడు 8 అంగుళాలది చూడండి. 3 అంగుళాలది సంచిలో పడుతుంది కానీ బల్ల మీద కాగితాల్లో కలిసిపోతుంది. రాగానే 60 దగ్గర పెట్టి ఫోన్ గడియారంతో పోల్చండి, రెండు నిమిషాలు మించి తేడా వస్తే వాపసు గడువులోనే పంపేయండి. ఎక్కువ రకాలకి ఒక ఏఏ సెల్ చాలు. సెల్ నీరసిస్తే ఎరుపు మధ్యలోనే ఆగిపోయి బీప్ రాదు, మనం ఇంకా సమయముందనే అనుకుంటాం. ఊరెళ్తే సెల్ తీసి పెట్టండి, లోపలే కారితే సెల్‌కి తగిలే రేకులు పాడవుతాయి.