ఎన్‌ఐఎన్ ఆహార మార్గదర్శకాలు 2024: ఏ మాట ఎంత గట్టిది?

వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టులో ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మే 8న విడుదల చేసిన 'భారతీయుల ఆహార మార్గదర్శకాలు' దగ్గర ఆ ఇబ్బంది తక్కువ. అందులోని చాలా అంకెల మూలం దాకా వెళ్లి సరిచూసుకోవచ్చు. 148 పేజీలు, 17 సూత్రాలు, ఉచిత పీడీఎఫ్. 1998లో మొదటి కూర్పు, 2011లో రెండోది, ఇది మూడోది. అప్పటి డైరెక్టర్ డాక్టర్ ఆర్. హేమలత నేతృత్వంలో వేర్వేరు రంగాల నిపుణుల కమిటీ రాసింది. ఆపైన పలు విడతల శాస్త్రీయ సమీక్ష జరిగింది.

ముందే ఒక మాట: అంకెల విషయంలో ఇది గట్టి పని. సలహాల విషయంలో మాత్రం అన్నీ ఒకేలా గట్టివి కావు, ఏది గట్టిదో ఏది వదులుదో పుస్తకం మనకు గుర్తు పెట్టి చూపించదు.

తూకం నమ్మాలంటే ముందు రాళ్లు చూడాలి. ఇక్కడ రాళ్లు రెండు. మొదటిది 2017 నాటి భారతీయ ఆహార పోషక విలువల పట్టికలు. దేశాన్ని 6 ప్రాంతాలుగా విడగొట్టి నమూనాలు సేకరించి, 528 పదార్థాల్లో 151 రకాల అంశాలను ల్యాబ్‌లో కొలిచారు. కూనూరులో ఈ సంస్థ పాత పేరుతో నడిచిన రోజుల్లో, 1937లో, మొదలైన పట్టికల పరంపరకు ఇది కొత్త రూపం. విలువ పక్కనే ఎన్ని ప్రాంతాల నమూనాలు చూశారో, ఎంత అటూ ఇటూ ఉందో కూడా వేశారు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 364 మి.గ్రా. అంటే మీ ఇంటి రాగిపిండిలో సరిగ్గా అంతే ఉంటుందని కాదు. నేల, వంగడం మారితే అంకె కదులుతుంది. ఆ కదలికను దాచకపోవడమే ఈ పట్టికల మీద గౌరవం పెంచేది.

రెండో రాయి 2020 నాటి పోషక అవసరాల నివేదిక. మన టీవీ చర్చల్లో ఎక్కువగా తప్పుదారి పట్టేది దీని దగ్గరే. చాలా పోషకాలకు ఇందులో రెండు అంకెలుంటాయి. సగటు అవసరం అంటే ఆరోగ్యవంతుల్లో సగం మందికి సరిపోయేది. సిఫారసు మోతాదు అంటే నూటికి 97 మందికి పైగా సరిపోయేలా కావాలనే పైకి జరిపినది. ఇనుమునే తీసుకోండి. నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లకు సగటు అవసరం రోజుకు 15 మి.గ్రా., సిఫారసు మోతాదు 29 మి.గ్రా. ఒక ఊళ్లో సర్వే చేసి 'సిఫారసులో సగమే తింటున్నారు, కాబట్టి అందరికీ లోపమే' అని రాసేస్తే లెక్క తప్పినట్టే. జనాభాలో ఎంతమందికి చాలడం లేదో తేల్చడానికి వాడాల్సింది సగటు అవసరాన్ని. సిఫారసు మోతాదు ఒక మనిషికి భోజనం ఆలోచించేటప్పుడు పనికొచ్చేది. ఇంకో సంగతి, ఈ అంకెలు శిలాశాసనాలు కావు. పెద్దవాళ్లకు కాల్షియం 2010లో 600 మి.గ్రా. అన్నారు, 2020లో 1,000 చేశారు. దాన్ని మాట మార్చడం అనుకోనక్కర్లేదు. సమీక్ష జరుగుతోందనడానికి అదే గుర్తు.

ఇక అసలు సరుకు: ఒక మనిషికి రోజుకని పుస్తకం చూపించిన 2,000 కిలోక్యాలరీల పళ్లెం. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు (లేదా బదులుగా గుడ్డు, మాంసం) 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు పెరుగు 300 మి.లీ. మొత్తం దాదాపు 1,200 గ్రాములు. ఇది నిజంగా లెక్కకు నిలుస్తుందా అన్నది పరీక్షించడం తేలికే. మన వంటింటి సరుకులతో చూద్దాం. 150 గ్రాముల బియ్యం, 100 గ్రాముల రాగులు కలిపితే ప్రొటీన్ సుమారు 19 గ్రాములు. కందిపప్పు 85 గ్రాములకు 18. ఆవుపాలు 300 మి.లీ.కి దాదాపు 10. పల్లీలు 35 గ్రాములకు 8 చిల్లర. కూరగాయలు కలపకుండానే 55 దాటింది. 65 కిలోల మగవాడికి కిలోకు 0.83 గ్రాముల చొప్పున కావాల్సింది 54. గుడ్డు, మాంసం, ప్రొటీన్ పొడి డబ్బా ఏదీ లేకుండానే సరిపోయింది. శక్తి లెక్క కూడా నిలుస్తుంది. ఈ బియ్యం, రాగుల నుంచి వచ్చేది 855 కిలోక్యాలరీల చుట్టూ, అంటే 2,000లో 43 శాతం. ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని పుస్తకం పెట్టిన గీతకు లోపలే ఉంది. మన ఇళ్లలో చాలామందికి ఈ గీత మూడుపూటలా దాటుతుందని వేరే చెప్పాలా?

అయితే ఈ పళ్లెం వాడేవాళ్లు మొదట పప్పులో కాలేసేది ఒకచోట. ఇవన్నీ పచ్చి తూకాలు, వండకముందువి. 100 గ్రాముల బియ్యం ఉడికితే 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. 250 గ్రాములన్నారని వండిన అన్నాన్ని తూచి పెట్టుకుంటే ధాన్యం మూడోవంతుకు పడిపోయి సాయంత్రానికి ఆకలి, రాత్రికి మిక్చర్ పొట్లం. కూరగాయల తూకం తొక్క, కాడ తీసేశాక చూడాలి. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారం రోజులు ఇంటిల్లిపాదికీ కలిపి పొద్దున్నే పచ్చి సరుకు తూచి, తలకింతని భాగించండి. ఆ తర్వాత ఏ గ్లాసుతో ఎంతో చేతికే తెలిసిపోతుంది. గింజలు అనగానే బాదం కొనక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో 35 గ్రాముల చొప్పున నెలకు 4 కిలోలు దాటుతాయి. పల్లీలు, నువ్వులతో లాగించొచ్చు, పచ్చళ్లలో పొడుల్లో ఎలాగూ వేస్తున్నవే. 27 గ్రాముల నూనెలో పోపు, వేపుడు, దోసె మీద చల్లింది అన్నీ కలిసే ఉంటాయి. నెలకు మనిషికి 800 గ్రాములు చిల్లర. సీసా ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో చూస్తే చాలు, చెంచాలు లెక్కపెట్టక్కర్లేదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని పుస్తకం అనడం ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటతో కలుస్తుంది. పాకెట్ల మీద మాత్రం ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. ఆ అంకెను 2.5తో గుణించాలి. 800 మి.గ్రా. సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. ఆవకాయకు లేబులు ఉండదు కాబట్టి అది లెక్కలోంచి జారిపోతుంది, గుంటూరులోనైనా గోదావరి జిల్లాల్లోనైనా.

ఇప్పుడు లోపాల సంగతి. పదిహేడు సూత్రాలూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దు అనేది గట్టి సలహా. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవని పరీక్షల్లో నేరుగా చూశారు. టిఫిన్ తినగానే టీ తాగే అలవాటున్నచోట, రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు ఇది ఖర్చులేని మందు. కెఫీన్ రోజుకు 300 మి.గ్రా. దాటొద్దన్న హద్దుకు కప్పుల లెక్క కూడా ఇచ్చారు: 150 మి.లీ. డికాక్షన్ కాఫీకి 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌కు 50 నుంచి 65, టీకి 30 నుంచి 65. వాడుకోదగ్గ వివరం.

దీని పక్కన కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దన్న సూత్రాన్ని పెట్టి చూడండి. ప్రొటీన్ రోజుకు ఒంటి బరువు కిలోకు 1.6 గ్రాములు దాటాక వ్యాయామం చేసేవాళ్లకు అదనపు లాభం కనబడలేదని, పొడివల్ల బలం, కండ పెరిగేది కొద్దిగానేనని పుస్తకం చెబుతుంది. 2018లో 49 ప్రయోగాలను, 1,863 మందిని కలిపి చేసిన విశ్లేషణ తేల్చిందీ అదే. కానీ 'కొద్దిగా' అంటే సున్నా కాదు. పొడులతో ఎముకల్లో ఖనిజాలు తగ్గొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు అన్న హెచ్చరికకు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల విషయంలో, ఆ స్థాయి ఆధారం లేదు. సగటు మనిషికి పొడి అనవసరం అనేది సరైన మాటే, పైన వేసిన లెక్కే అందుకు సాక్ష్యం. అనవసరం వేరు, ప్రమాదం వేరు. రెండింటినీ ఒకే కట్టలో కట్టడం బాగాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక్కడ మెరుగు. ముందు ప్రశ్న రాసుకుంటారు: ఎవరికి, ఏది, దేనికి బదులు, ఏ ఫలితం కోసం. దొరికిన అధ్యయనాలన్నీ ఏరి, ఆధారాన్ని అధికం, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ అని నాలుగు మెట్లుగా వేస్తారు. సిఫారసు గట్టిదా, షరతులతో కూడినదా అన్నది దాని ముఖానే రాస్తారు. 2023 మేలో బరువు తగ్గడానికి చక్కెరకు బదులుగా కృత్రిమ తీపి వాడొద్దన్నప్పుడు దాన్ని షరతులతో కూడిన సిఫారసే అన్నారు. అప్పటికే బరువున్నవాళ్లు, జబ్బు భయం ఉన్నవాళ్లే అలాంటి తీపి ఎక్కువ వాడతారు కాబట్టి, ఏది కారణమో ఏది ఫలితమో తేల్చడం కష్టమన్నారు. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఈ సిఫారసు వర్తించదనీ రాశారు. తార్నాక పుస్తకం తర్వాతి కూర్పులో ప్రతి సూత్రం పక్కన ఇలాంటి ఒక్క మాట చేరిస్తే చదివేవాళ్లకు సగం పని తగ్గుతుంది.

దేశంలోని మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని పుస్తకం ఇచ్చిన అంకెనూ కాస్త జాగ్రత్తగా చదవాలి. చాలా పేపర్లు దాన్నే హెడ్డింగు చేశాయి. అది అంచనా, ఆస్పత్రుల్లో తలలు లెక్కపెట్టి తేల్చింది కాదు. పోషణ శాస్త్రంలో చాలా సంగతులు జనం నిన్న ఏం తిన్నారో అడిగి తెలుసుకున్నవే. అన్నం గుర్తుంటుంది, పోపు నూనె గుర్తుండదు, ఆఫీసులో తిన్న బిస్కెట్లు అసలే ఉండవు. యాదృచ్ఛికంగా, అంటే చీటీ తీసినట్టు, జట్లు కట్టిన పెద్ద ప్రయోగాలూ జారతాయి. స్పెయిన్‌లో మధ్యధరా భోజనం (ఆలివ్ నూనె, కూరగాయలు, గింజలు ఎక్కువుండే తిండి) మీద చేసిన ప్రెడిమెడ్ అనే ప్రయోగం 2013లో అచ్చయింది. జట్లు కట్టిన పద్ధతిలో లోపాలు బయటపడ్డాక 2018లో వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ వేశారు.

వంటింటి కోసమైతే 148 పేజీలూ అక్కర్లేదు. పళ్లెం పట్టిక, లేబుళ్లు చదివే భాగం, టీ కాఫీల భాగం తీసుకుంటే సరిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలకు విడి సూత్రాలున్నాయి, ఆ ఇళ్లవాళ్లు వాటినే ముందు చూడాలి. ఈ పళ్లెం ఆరోగ్యంగా ఉన్నవాళ్లది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పప్పులోని ప్రొటీన్, కూరగాయల్లోని పొటాషియం లెక్క పూర్తిగా వేరు. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించి మందు మాత్రం అంతే వేసుకుంటే చక్కెర మరీ కిందికి పడిపోవచ్చు. మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడాకే పళ్లెం మార్చాలి.