మస్టాంగ్‌కి కోనీ పసుపు షాక్‌అబ్జార్బర్లు: రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే కారు వాడేవాళ్ల కోసం

నా కారు ఫోర్డ్ వాళ్ల 2013 మస్టాంగ్ జీటీ. 5.0 లీటర్ల వీ8, మాన్యువల్ గేర్లు, వెనక సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. వారమంతా ఆఫీసుకి తిరిగేది దీంట్లోనే, నెలకో రెణ్ణెల్లకో ఒక ఆదివారం ట్రాక్ మీదకి దించేదీ దీన్నే. రెండేళ్లుగా దీని కింద కోనీ కంపెనీ స్పోర్ట్ షాక్‌అబ్జార్బర్లు ఉన్నాయి, పసుపు రంగువి, స్ప్రింగుల ఊపుని అదుపులో ఉంచేవి. వాటి విలువ నాకు తెలిసింది అంతకుముందు కొన్న సామాను వల్ల. అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

మొదట నేను కొన్నది లోయరింగ్ స్ప్రింగులు. కారుని 40 మిల్లీమీటర్లు దించేవి. షాకులు మాత్రం కంపెనీతో వచ్చినవే ఉంచాను. కారు చూడ్డానికి చాలా బాగుండేది. ట్రాక్ మీద ఒక వేగమైన కుడి మలుపు ఉంది, మధ్యలో తారు అతుకు వేసిన చోట చిన్న గతుకు. అంతవరకూ బుద్ధిగా తిరుగుతున్న కారు ఆ గతుకు తగలగానే ముందు చక్రాలు పట్టు వదిలేసి తిన్నగా బయటికి పోయేది. మొదటిసారి గుండె ఝల్లుమంది. టైర్లు పాతబడ్డాయేమో అనుకున్నాను.

తర్వాతి సెషన్‌కి ముందు స్ట్రట్ (ముందు చక్రం దగ్గరి షాకు) మీది రబ్బరు తొడుగు పైకి జరిపి, కడ్డీకి ఒక జిప్ టై బిగించాను. చక్రం పైకి వెళ్లినప్పుడల్లా స్ట్రట్ బాడీ ఆ టైని పైకి నెడుతుంది, ఎంతవరకు వెళ్లిందో అక్కడే ఉండిపోతుంది. ఇరవై నిమిషాలు నడిపి వచ్చి చూస్తే టై, స్ట్రట్ చివరిదాకా నొక్కుకోకుండా అడ్డుకునే రబ్బరు ముక్క అయిన బంప్ స్టాప్‌లోకి కూరుకుపోయి, దాని అంచు మీద గాటు పడింది. అంటే మలుపు మధ్యలో స్ప్రింగ్ పని అయిపోయి, కారు బరువంతా ఆ రబ్బరు ముక్క మీదకి వస్తోంది. ఒక్క క్షణంలో ముందు భాగం రాయిలా గట్టిపడితే టైరుకి పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకో సంగతి అప్పుడే అర్థమైంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారుని బాగా దించితే చక్రాన్ని కారుకి కలిపే కింది ఆర్మ్ వాలు మారిపోతుంది. కారు గురుత్వ కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, ఎక్కువ దిగుతుంది. ఆ రెంటి మధ్య దూరమే కారుని పక్కకి ఒరిగించే మీట లాంటిది. అది పెరిగితే, కారు కిందకి దిగినా మలుపులో ఒరిగే స్వభావం పెరుగుతుంది. వెనక యాక్సిల్ పక్కలకి జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ వాలు కూడా మారి యాక్సిల్ మొత్తం ఒక పక్కకి జరిగింది. ఫెండర్ నుంచి దారం వేలాడదీసి కొలిస్తే రెండు వైపులకీ 8 మిల్లీమీటర్ల తేడా.

ఆ స్ప్రింగులు తీసేసి, కొలతలు వేసుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి షాకులు ముందు, మిగతావన్నీ తర్వాత.

కోనీ పసుపు షాకుల్లో మనం మార్చగలిగేది రీబౌండ్ ఒక్కటే, అంటే నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఆపే బలం. బానెట్ ఎత్తితే స్ట్రట్ తల మీద సర్దుకునే నాబ్ ఉంటుంది. వెనకవాటి తలలు డిక్కీలో పక్క కార్పెట్ లాగితే దొరుకుతాయి. నాబ్ తిప్పుతుంటే క్లిక్కులు వినబడవు, నున్నగా తిరుగుతుంది. ఎక్కడ ఉందో చేతికి తెలియదు కాబట్టి నాబ్ మీదా పక్కన లోహం మీదా తెల్ల నెయిల్ పాలిష్‌తో గీత పెట్టుకున్నాను. ఆ గీత లేకుండా వీటిని సర్దాలనుకోవద్దు.

మొదటి రోజు ఉత్సాహంలో నాలుగూ పూర్తిగా బిగించేశాను. పార్కింగ్ నుంచి బయటికి వస్తుంటే రేసు కారులా అనిపించింది. అలలు అలలుగా ఉన్న పాత రోడ్డు ఎక్కాక అసలు సంగతి తెలిసింది. స్ప్రింగ్ ఒక గతుకు నుంచి తేరుకునేలోపే రెండోది వచ్చేస్తోంది, కారు కొంచెం కొంచెంగా కిందకి కూర్చుంటోంది. జిప్ టై మళ్లీ బంప్ స్టాప్ దగ్గరికి చేరింది. గట్టిగా ఉంటే పట్టు ఎక్కువ అనే నమ్మకం ఆ రోజుతో పోయింది. ఇప్పుడు రోడ్డు మీద పూర్తి మెత్తదనం నుంచి అర చుట్టు, ట్రాక్ మీద ముందు ఒకటింపావు, వెనక ఒక చుట్టు. వెనక ఇంకా బిగిస్తే మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు లోపలి చక్రం తేలిపోయి గిర్రున తిరుగుతుంది.

ఈ సెట్టింగ్‌తో ఆ కుడి మలుపులో గతుకు ఇప్పటికీ తెలుస్తుంది. స్టీరింగ్‌లో ఒక్క చిన్న తట్టు, అంతే. కారు ఒకసారి లేచి, దిగి, గీసిన గీత మీదే వెళ్తుంది. ఆ "ఒకసారి" కోసమే డబ్బు పెట్టాలి. పాత షాకులతో అయితే రెండు మూడు ఊపులు ఊగేది.

స్ప్రింగుల విషయంలో కేటలాగ్ బొమ్మలు చూసి కొనొద్దు, చిన్న లెక్క వేయండి. ముందు ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగ్ మోసే బరువు 420 కేజీలు అనుకుందాం. సెకనుకి 1.3 ఊపులు అనేది మామూలు కార్ల మెత్తదనం, దానికి చక్రం దగ్గర మిల్లీమీటర్‌కి 28 న్యూటన్ల బిగువు చాలు. 1.6 కావాలంటే 42. పూర్తి ట్రాక్ కారులా 2 కావాలంటే 66. నేను 1.6 దగ్గర ఆగాను, 20 మిల్లీమీటర్లు మాత్రమే దించే, ఎంత నొక్కినా బిగువు మారని లీనియర్ స్ప్రింగులతో. ఈ లెక్క చక్రం దగ్గరది, స్ప్రింగ్ దగ్గరది కాదు. స్ప్రింగ్ ఆర్మ్ మీద లోపలికి ఉండి, చక్రం కదిలిన దాంట్లో 0.7 వంతే కదిలే కార్లలో, చక్రానికి అందేది స్ప్రింగ్ బిగువులో 0.49 వంతు, సగం కూడా కాదు. వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తో 2015 నుంచి వచ్చిన మస్టాంగ్‌లకి నా నంబర్లు అలాగే వాడితే దెబ్బతింటారు.

ఫోర్డ్ తానే 2012, 2013లలో ఇదే ఛాసిస్ మీద బాస్ 302 అనే మస్టాంగ్ చేసినప్పుడు, సాలిడ్ యాక్సిల్ అలాగే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో ఐదు మెట్లలో మార్చుకునే షాకులు పెట్టింది. ఈ కారులో మొదట దేన్ని బాగుచేయాలో చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ముందు చక్రాల నిలువు వాలుని (క్యాంబర్) మార్చుకోనిచ్చే క్యాంబర్ ప్లేట్లు తప్పక వేయించండి. అవి లేనప్పుడు ముందు టైర్ల బయటి అంచు నున్నగా అరిగిపోయి లోపలి సగం కొత్తగా ఉండేది. ఇప్పుడు మైనస్ 2.2 డిగ్రీలు, అంటే చక్రాల పై అంచు లోపలికి వాలి ఉంటుంది. టో సున్నా, అంటే చక్రాలు తిన్నగా ముందుకే చూస్తాయి. పొడవు మార్చుకునే పాన్‌హార్డ్ రాడ్ కూడా అవసరమే. కారు పక్కకి ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్ తొందరపడి మార్చకండి. దాని బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 25 పెడితే చూపుకి తేడా తెలియదు, బిగువు మాత్రం 67 శాతం పెరుగుతుంది. వెనక అలాంటిది వేసుకుని తడి రోడ్డు మీదకి వెళ్లాలంటే నాకు ధైర్యం చాలదు.

బిగింపులో నాకు జరిగింది కూడా చెప్పాలి. ఒక వర్క్‌షాప్‌లో చక్రాలు గాల్లో వేలాడుతుండగానే వెనక ఆర్మ్‌ల బోల్టులు పూర్తిగా బిగించేశారు. ఆర్మ్‌ల చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లు ఆ భంగిమలోనే అతుక్కుంటాయి. కారు నేల మీదకి దిగాక అవి మెలిపడి, స్ప్రింగులతో పాటు అవీ కారుని పైకి నెడతాయి. వెనక దాదాపు సెంటీమీటర్ ఎత్తుగా నిలబడింది, కిర్రుకిర్రుమనే శబ్దం. స్ప్రింగులే తప్పేమో అని వారం రోజులు టెన్షన్ పడ్డాను. బోల్టులు వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగిస్తే రెండూ పోయాయి. మీ మెకానిక్‌కి ఈ ఒక్క మాట ముందే చెప్పండి.

కోనీలో నాకు నచ్చనిది, కంప్రెషన్, అంటే షాకు నొక్కుకునేటప్పుడు ఆపే బలం, మన చేతిలో ఉండకపోవడం. పెద్ద గుంటలో పడితే నాబ్ ఎంత వదులు చేసినా దెబ్బ లోపలికి వస్తుంది. ఒకదాంట్లో ఒకటి రెండు గొట్టాలుండే ట్విన్‌ట్యూబ్ నిర్మాణం కాబట్టి, ఒకే గొట్టముండే మోనోట్యూబ్ అంత సులువుగా వేడి వదలదు. రోజంతా ట్రాక్ మీదే ఉండేవాళ్లు, గాళ్లు లేని స్లిక్ టైర్లు వాడేవాళ్లు, స్ప్రింగూ షాకూ ఒకే ముక్కగా వచ్చే మోనోట్యూబ్ కాయిలోవర్ల వైపు వెళ్లడమే మంచిది. ఇరవై నిమిషాల సెషన్లలో నాకు తేడా తెలియలేదు.

పోయిన నెల నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని మూడు గంటలు హైవే మీద వెళ్లాను. ఆయనకి నడుము నొప్పి. పాత స్ప్రింగులున్నప్పుడు అరగంటకే ఆపమనేవారు. ఈసారి సగం దారిలో కునుకు తీశారు. మర్నాడు అదే కారు ట్రాక్ మీదకి. నాబ్ గీత చూసుకుంటూ ముప్పావు చుట్టు బిగించాను, వెనక అర చుట్టు. సెషన్ అయ్యాక వంగి చూస్తే జిప్ టై బంప్ స్టాప్‌కి 18 మిల్లీమీటర్ల కింద ఆగి ఉంది.