అల్యూమినియం హెడ్ శుభ్రానికి ప్లాస్టిక్ బ్లేడు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) విప్పాక, దానికి అతుక్కున్న పాత గ్యాస్కెట్‌ను (హెడ్‌కూ, సిలిండర్లుండే కింది బ్లాకుకూ మధ్య లీకు కాకుండా పెట్టే పలక) గీకడానికి నేను ముందుగా చేతిలోకి తీసుకునేది ప్లాస్టిక్ బ్లేడు బిగించిన చిన్న స్క్రేపర్‌నే. దానికి తోడు ఒక డబ్బా గ్యాస్కెట్ రిమూవర్ నురుగు. రకరకాల అల్యూమినియం ఇంజిన్ల మీద ఈ జతను ఏళ్లుగా వాడుతున్నాను. పని నెమ్మదిగా సాగుతుంది, కానీ లోహం మీద గీత పడదు. నాకు కావలసింది అదే.

పోత ఇనుము బ్లాకును ఉక్కు బ్లేడుతో గట్టిగా గీకినా తట్టుకుంటుంది. అల్యూమినియం మెత్తన. బ్లేడు మూల ఒక్కసారి లోపలికి దిగితే నీటి దారి నుంచి సిలిండర్ అంచు దాకా గాడి పడవచ్చు. మెత్తని పదార్థాలు కలిపి చేసిన పాత రకం కాంపోజిట్ గ్యాస్కెట్ కొంత గరుకుదనాన్ని సర్దుకుంటుంది. ఇప్పటి బహుళ పొరల ఉక్కు గ్యాస్కెట్‌కు అంత ఓపిక లేదు, కింద నున్నని ముఖం ఉండాల్సిందే.

నురుగు కొట్టాక డబ్బా మీద రాసినంతసేపు దాన్ని ముట్టుకోకూడదు. తొలి విడతలో పైపొర మాత్రమే ఉబ్బుతుంది. అది తుడిచి మళ్లీ కొడితే కింద అతుక్కున్నది పొరలుగా లేస్తుంది. నురుగు తుడిచిన తర్వాతే బ్లేడు పెట్టాలి, లేకపోతే కొన్ని రకాల ప్లాస్టిక్ ఆ రసాయనానికి మెత్తబడిపోతుంది. సిలికాన్ సీలెంటుకైతే చాలాసార్లు నురుగు అవసరమే రాదు, బ్లేడుతోనే చక్కగా ఊడి వస్తుంది. గోరుతో తడిమితే తగలని నల్లమరకలను నేను వదిలేస్తాను. రంగు మారినంత మాత్రాన లీకేజీ రాదు, వాటి కోసం రుద్దితే లోహమే పోతుంది.

లోపాలూ ఉన్నాయి. బ్లేడు అంచు త్వరగా మొద్దుబారుతుంది, ఒక హెడ్‌కే చాలా బ్లేడులు ఖర్చవుతాయి. రిమూవర్ ఘాటు ఎక్కువ. పెయింటును లేపేస్తుంది, చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకాలను మూసిన గదిలో అసలు వాడవద్దు. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లను అల్యూమినియం దగ్గరికే రానివ్వవద్దు. అవి లోహాన్ని తినేస్తాయి, పైగా మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

పని త్వరగా అవుతుందని డ్రిల్లుకు గరుకు డిస్కు బిగించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. డిస్కు ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ తినేసి కంటికి కనబడని పల్లాలు చేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం దాని నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి. అది ఆయిల్‌లో కలిసి బేరింగులను అరగదీస్తుంది. జనరల్ మోటార్స్ సంస్థ ఇదే కారణంతో ఇలాంటి డిస్కులు వద్దని సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. మెరిసే ముఖం చూసి మురిసిపోయేవారు లోపలికి ఏం పోయిందో కూడా ఆలోచించాలి.

గీకడానికి ముందే సిలిండర్లలో, ఆయిల్ దారుల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కుతాను. బాగా పాత ఇంజిన్ గ్యాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి దాన్ని తడిపే తీస్తాను, పొడిగా రుద్దను. బోల్టు రంధ్రాల అడుగున ద్రవం మిగలకూడదు. బోల్టు బిగిస్తుంటే ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాక్ పగిలే ప్రమాదం ఉంది. టార్క్ లెక్క, అంటే బోల్టును ఎంత బలంతో బిగించాలన్న కొలత, కూడా తప్పుతుంది.

ఎంతకీ కదలని మొండి చోట్ల మాత్రం ఉక్కు బ్లేడును దాదాపు పడుకోబెట్టి, మూలలు తగలకుండా నెమ్మదిగా తోస్తాను. అలాంటివి తక్కువే. చివర నూలుపోగులు రాలని గుడ్డను అసిటోన్‌తో తడిపి తుడిచి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (వంపు లేని లోహపు బద్దను) హెడ్ ముఖం మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి చూస్తాను. సందు కొలిచే 0.05 మి.మీ. ఫీలర్ రేకు దాని కింద దూరితే ఆ ఇంజిన్ మాన్యువల్ తీసి, వంపుకు హద్దు ఎంతో చూసుకుంటాను. ఆ హద్దు దాటితే బ్లేడు చేయగలిగింది ఏమీ లేదు, హెడ్‌ను మెషిన్ షాపుకు పంపాల్సిందే.