52,000 కిలోమీటర్ల తర్వాత మా ఎర్టిగా సీఎన్‌జీ

మా పాత డీజిల్ కారు పదకొండేళ్లు మాతో తిరిగింది. 2022 నవంబర్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నెల్లూరు నుంచి కావలి వస్తుంటే సున్నపుబట్టి దాటాక టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక సీట్లో అమ్మ. నాలుగు గంటలు డయాలసిస్ మెషీన్ మీద ఉండి అప్పుడే వస్తోంది. డిక్కీలో ఉన్న దుప్పటి చెట్టు కింద పరిచి పడుకోబెట్టాను. ఇంకో బండి వచ్చేసరికి గంటన్నర పట్టింది. "నాకేం కాలేదులే నాయనా, నువ్వు టెన్షన్ పడొద్దు" అంటూనే ఉంది, గొంతు మాత్రం పెగలడం లేదు.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికి సీల్‌లా ఉండేది) పోయింది. ఇంజిన్ విప్పితే 70,000 దాకా అవుతుందని, అంత పెట్టినా మళ్లీ ఆగదని చెప్పలేనని మెకానిక్ ఉన్నమాట చెప్పాడు. వచ్చినకాడికి అమ్మేశాం.

మా ఇంట్లో కారుకు సెలవు ఉండదు. మంగళ, శుక్రవారాలు అమ్మను నెల్లూరు తీసుకెళ్లాలి, రానుపోను 110 కిలోమీటర్లు. మిగతా రోజుల్లో మా ఆవిడ జలదంకి వైపు స్కూలుకు వెళ్తూ దారిలో ఇద్దరు టీచర్లను ఎక్కించుకుంటుంది. ఆదివారం వస్తే కందుకూరులో మా అత్తగారిల్లు.

అందుకే కొత్త బండి చూసేటప్పుడు అమ్మను కూడా షోరూముకు తీసుకెళ్లాను. ఎస్‌యూవీ ఎక్కడానికి కాలు ఎత్తలేకపోయింది. చిన్న కార్లలోకి నడుం వంచి దిగాల్సి వచ్చింది. ఎర్టిగాలో సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తుకు వచ్చింది. మొదట సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్లు రెండూ లోపలికి తిప్పుకుంది. నా వరకు బేరం అక్కడే కుదిరిపోయింది. ఆమె ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉంది, ఆ చేతి మీద బరువు మోపకూడదు. ఎడమ తలుపు నుంచి ఎక్కితే కుడి చేత్తో ముందు సీటు పట్టుకోవచ్చు. ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉన్నవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు ముందు ఈ పరీక్ష చేయండి.

2023 ఫిబ్రవరిలో ఎర్టిగా సీఎన్‌జీ తీసుకున్నాం, ఇది గ్యాస్ మీద, పెట్రోల్ మీద రెండింటి మీదా నడుస్తుంది. మధ్య వరుస సీటును వెనక్కి జరిపి కాస్త వాల్చితే తిరుగు ప్రయాణంలో అమ్మ నిద్రపోతుంది. డయాలసిస్ అయ్యాక ఆమెకు చలి పుడుతుంది. మధ్య వరుసకు ఏసీ పైకప్పు నుంచి వస్తుంది, దాని బ్లోయర్ స్విచ్ కూడా అక్కడే ఉంటుంది. చెయ్యెత్తి తనే ఆపేసుకుంటుంది. ముందు నాకు చల్లగాలి వస్తూనే ఉంటుంది. మే నెలలో మా హైవే ఎలా మండుతుందో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

కంపెనీ చెప్పే మైలేజీ కిలో గ్యాస్‌కు 26.11 కిలోమీటర్లు. హైవే మీద 80 దాటకుండా పోతే నాకు 24, 25 వస్తోంది, కావలి ఊళ్లో తిరిగితే 20. ఒకసారి నింపితే ఎనిమిది కిలోల పైచిలుకు పడుతుంది, అంటే 200 కిలోమీటర్లకు ఢోకా లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం గ్యాస్ తక్కువ ఎక్కుతుంది.

గ్యాస్ కొట్టేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదు, అందరూ దిగాలి. మొదటి నెలలో ఇది ఆలోచించకుండా అమ్మతో సహా బంకుకు వెళ్లాను. ఎండలో చెయ్యి పట్టుకుని దించి, పావుగంట నిలబెట్టాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె మెషీన్ మీద ఉన్న నాలుగు గంటల్లోనే వెళ్లి నింపుకొస్తున్నాను. క్యూ ఎంత పొడుగున్నా కంగారుండదు.

సిలిండర్ డిక్కీని దాదాపు తినేసింది. ఏడుగురం ఎక్కితే రెండు చిన్న బ్యాగులకే చోటు. వెనక వరుస పిల్లలకు హాయి, పెద్దవాళ్లకు కందుకూరు దాకా సరే, తిరుపతి దాకా అయితే మోకాళ్లు పట్టేస్తాయి. సీఎన్‌జీ మీద ఇంజిన్ పవర్ పెట్రోల్ మీద ఉండే 100 హార్స్‌పవర్ నుంచి 88 దగ్గరికి పడిపోతుంది. చదునైన రోడ్డు మీద అది తెలియదు. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి ఇంటిల్లిపాదీ ఒకే బండిలో పోతాం. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేసి ఉంటే బండి నీరసించినట్టు ఉంటుంది. కింద ఉండగానే బటన్ నొక్కి పెట్రోల్‌కు మార్చుకుంటే సెకండ్ గేర్‌లో సాఫీగా ఎక్కేస్తుంది. దీనికోసమే ట్యాంకులో పావు వంతు పెట్రోల్ ఎప్పుడూ ఉంచుతాను.

ఇన్నాళ్లలో రోడ్డు మీద ఒక్కసారి కూడా ఆగలేదు. సర్వీసు 10,000 కిలోమీటర్లకోసారి, ఆదివారం ఇచ్చేస్తాను. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) తప్పనిసరి. మాది వచ్చే ఫిబ్రవరికి. మంగళ, శుక్రవారాలు కాకుండా రోజు చూసుకుని, మా ఆవిడను స్కూలుకు బస్సులో వెళ్లమని ముందే చెప్పి ఉంచాను.