ఒక్కరే బస్సెక్కి లంక చూసి రావాలంటే ఏది మేలు: అంతర్వేదా, పట్టిసమా, కోరంగా?

గోదావరి జిల్లాల్లో బస్సు మిమ్మల్ని ఏదో ఒక రేవు దాకా దింపుతుంది. చిక్కంతా రేవు దాటడంలోనే ఉంది. నలుగురు కలిసి వెళ్తే పడవ మాట్లాడుకోవచ్చు, ఆఖరి బస్సు పోతే ఆటో కిరాయి పంచుకోవచ్చు, సంచులు ఒకరికి అప్పగించి మిగతావాళ్లు స్నానానికి దిగొచ్చు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఈ సౌకర్యాలేవీ ఉండవు. కాబట్టి అందచందాల సంగతి పక్కన పెట్టి రెండు ప్రశ్నలతోనే ఈ చోట్లను బేరీజు వేద్దాం. మనిషికింత అని ఇచ్చి దాటే వీలుందా? వెనక్కి రావడానికి రెండో దారి ఉందా?

ఈ లెక్కన మొదటి స్థానం అంతర్వేదిది. రెండోది ఎవరన్న దాని మీద తగువు పడొచ్చు గానీ, మొదటి దాని మీద పడక్కర్లేదు.

అంతర్వేదిని చాలామంది పుణ్యక్షేత్రంగానే చూస్తారు, అది దీవిలో ఉందన్న సంగతి పట్టించుకోరు. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వశిష్ఠ నుంచి వైనతేయ చీలిపోతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే రాజోలు సీమ. ఇంగ్లీషువాళ్ల రికార్డుల్లో దీని పేరు నగరం దీవి. వైనతేయ మీద 1852–53లో అక్విడక్టు (ఏటి మీదుగా కాలువను దాటించే వంతెన) కట్టింది ఈ దీవి పొలాలకు నీళ్లు ఇవ్వడానికే. నలభై తొమ్మిది ఖానాల ఆ పాత కట్టడం పక్కనే ఇప్పుడు కొత్తది ఉంది, బస్సులు దాని మీదుగా వెళ్తాయి. ఏరు కింద పారుతుంటే కాలువ పైన పారడం చూడాలంటే పి.గన్నవరం మీదుగా పోయే రాజోలు బస్సే ఎక్కాలి. అమలాపురం నుంచి కొన్ని బస్సులు బోడసకుర్రు, పాశర్లపూడి మీదుగా వంతెన దాటిపోతాయి. బోర్డు మీద రెండింటికీ రాజోలు అనే ఉంటుంది, కండక్టర్ని అడిగి ఎక్కండి.

దీవిలోకి దారులు మూడు. తూర్పు నుంచి వచ్చేవాళ్లకి పైన చెప్పిన రాజోలు దారి. రాజమండ్రి నుంచైతే రావులపాలెం మీదుగా రాజోలు, అక్కడ బస్సు మారి మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. ఒక వైపుకే మూడు గంటలు దాటుతుంది, కాబట్టి మొదటి బస్సుల్లో ఏదో ఒకటి పట్టుకోవాలి. పడమటి నుంచి వచ్చేవాళ్లకి భీమవరం, పాలకొల్లు మీదుగా నరసాపురం, అక్కణ్ణుంచి మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ కలిపి ఏరు దాటించే పెద్ద పడవ. మూడోది పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన దాటి దిండి మీదుగా రాజోలు. పంటు ఆగిపోయినా మీరు దీవిలో ఇరుక్కుపోకుండా కాపాడేది ఈ మూడో దారి. అంతర్వేదికి మొదటి స్థానం రావడానికి సగం కారణం అదే.

మిగతా సగం కారణం పంటే. అది యాత్రికుల కోసం నడిచేది కాదు. బడికెళ్లే పిల్లలు, కొబ్బరి కాయల బేరగాళ్లు, బైకులు, కార్లు, పెళ్లి వ్యాన్లు అన్నీ దాంట్లోనే దాటతాయి. ఒక్కరు వచ్చినా నలభైమంది వచ్చినా దాని పద్ధతి మారదు, నిండగానే బయల్దేరుతుంది. దాటడానికి పది, పదిహేను నిమిషాలు చాలు. పొద్దున్నా సాయంత్రం ఎక్కువ రద్దీ కాబట్టి త్వరగా నిండుతుంది. మిట్టమధ్యాహ్నం కార్లు చేరేదాకా ఆపుతారు, అప్పుడు ఎక్కువసేపు పడుతుంది.

ఎక్కేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ముందు బళ్లను ఎక్కనిచ్చి, వాటి స్టాండు వేసిన తరవాతే మీరు ఎక్కండి. ఒడ్డుకీ పంటుకీ మధ్య వేసే రేకు తడిసి జారుతుంది, వెనక నుంచి బైకు ఎక్సలేటర్ ఇస్తే తప్పుకోవడానికి చోటుండదు. నిలబడటానికి మంచి చోటు అంచు కాదు, బళ్లకు ఎదురుగా కాకుండా పక్క కమ్మీ దగ్గర. నరసాపురం దగ్గర ఏటికి సముద్రపు పోటు తగులుతుంది. పాటు మీద ఉన్నప్పుడు నీరు తీసి ఇసుక మేటలు పైకి తేలతాయి, పంటు వాటిని చుట్టి తిరిగొస్తుంది. అలాంటప్పుడు పదిహేను నిమిషాల దాటుడు అరగంటవుతుంది, అందుకని అవతలి బస్సుకు టైము బిగించి పెట్టుకోకూడదు.

సఖినేటిపల్లి రేవు నుంచి గుడికి బస్సు దొరికితే బస్సు, లేకపోతే సర్వీసు ఆటో. ఆటోవాడు ‘ఒక్కరే కదా, వెళ్లిపోదాం’ అన్నాడంటే కిరాయి మొత్తం మీదేనని అర్థం. ‘సర్వీసేనా?’ అని అడిగి ఎక్కితే గొడవ ఉండదు.

గుడి విషయంలో తప్పేది సమయం దగ్గరే. ఇప్పుడున్న లక్ష్మీనరసింహస్వామి ఆలయం కొపనాతి కృష్ణమ్మ కట్టించింది, 1823లో పూర్తయింది. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు. పదకొండు లోపు చేరేవాళ్లకి దర్శనం, ఆ తరవాత అన్నదానంలో భోజనం వరసగా అయిపోతాయి. ఒంటిగంటకు చేరితే రెండూ పోతాయి. సాగరసంగమాన్ని దర్శనం తరవాతకే ఉంచండి, ఎండ కాస్త తగ్గాక ఆటోలో పోవచ్చు.

సంగమం దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు ఉంటుంది. ఇటు ఏటి నీళ్లు, అటు సముద్రం, మధ్యలో ఇసుక తిన్నె. రెండు వైపులా నీటి రంగు వేరుగా ఉండటం కంటికే తెలుస్తుంది. ఈ గట్టు అన్ని వేళలా ఒకే పొడవుండదు. పోటు వచ్చేకొద్దీ కుంచించుకుపోతుంది. చివరిదాకా నడిచాక కాళ్ల వెనక ఇసుక తడిగా మెరుస్తుంటే నీరు ఎక్కుతోందన్నమాట, వెనక్కి తిరగాలి. ఏరు సముద్రంలో కలిసే చోట అడుగున లాగుడు ఎక్కువ. పక్కన మనిషి లేకుండా మోకాలి లోతు దాటడం తెలివైన పని కాదు. స్నానం తప్పదనుకుంటే జనం దిగే చోటే దిగి, బట్టలు, ఫోను ఏ దుకాణంలోనో అప్పజెప్పండి, కొబ్బరికాయ అక్కడే కొంటే వద్దనరు.

తిరుగు ప్రయాణానికి చీకటి పడకముందే రేవుకు చేరాలి. పంటు ఆ తరవాత కూడా నడవొచ్చు గానీ, గాలి లేస్తే ఆపేస్తారు. ఆపేశారని తెలిసిన క్షణమే రేవులో కాళ్లు పీక్కుపోయేలా నిలబడకుండా రాజోలు బస్సు చూసుకోండి. మాఘ శుద్ధ దశమి నాటి కల్యాణానికి, మర్నాడు భీష్మ ఏకాదశి రథోత్సవానికి బస్సులు ఎక్కువ వేస్తారు. అయినా ఆ రెండు రోజులూ ఒక్కరే తిరగడానికి పనికిరావు, రేవులోనే పూట గడిచిపోతుంది.

పట్టిసం పద్ధతి వేరు. ఇది డెల్టాకి కాస్త ఎగువన, పోలవరం దారిలో ఉంది. అసలైన ఏటి నడుమ లంక ఇదే. చుట్టూ నీళ్లు, మధ్యలో దేవకూట పర్వతం, పైన వీరభద్రస్వామి, క్షేత్రపాలకుడు భావనారాయణస్వామి. రాజమండ్రి నుంచి కొవ్వూరు, తాళ్లపూడి మీదుగా పోలవరం పోయే బస్సెక్కి పట్టిసీమ రేవులో దిగితే సరి, సుమారు గంటన్నర. దూరంలోనూ ఖర్చులోనూ ఇది అంతర్వేది కంటే తేలిక. కొండ మీద నుంచి ఎగువన పాపికొండల వరస కనిపిస్తుంది. చూసి రావడానికి రెండు గంటలు చాలు.

ఒంటరి మనిషికి ఇక్కడ ఎదురయ్యే కష్టం పడవే. పంటులా ఊరి అవసరం మీద నడిచేది కాదు, గుడికి వచ్చే జనం మీద నడుస్తుంది. కార్తిక సోమవారాల్లో, ఆదివారాల్లో పడవ నిండటానికి ఎంతోసేపు పట్టదు. మామూలు బుధవారం పన్నెండింటికి వెళ్లి చూడండి, ‘ఒక్కరికోసం తియ్యలేం, మొత్తం ఇస్తే తీస్తాం’ అంటారు. వాళ్లదీ తప్పు కాదు, డీజిలు ఖర్చు ఒక్కరికైనా పదిమందికైనా అంతే. దీనికి విరుగుడు తొమ్మిది లోపు రేవులో ఉండటం, పొద్దుటి పూజకు వెళ్లేవాళ్లతో కలిసి దాటడం. దిగేటప్పుడే తిరుగు పడవ ఎప్పుడో అడగాలి. కొండ మీద భోజనం మీద ఆశ పెట్టుకోవద్దు, కొవ్వూరులోనే తినేసి ఒక లీటరు సీసాతో బయల్దేరండి.

వేసవిలో ఏరు ఒక పక్కకు ఒదిగిపోయి ఇసుక తేలుతుంది. పడవ ఎక్కాలంటే ముందు ఇసుకలో నడవాలి. పది దాటితే ఆ ఇసుక పెనం. చెప్పులు గుడి మెట్ల దగ్గరే విడవండి, రేవులో విడిచి ఉత్తకాళ్లతో దిగే భక్తి ఏప్రిల్‌లో కుదరదు.

జులై నుంచి సెప్టెంబరు దాకా పట్టిసాన్ని లెక్కలోంచి తీసెయ్యడమే మంచిది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద మీద ఉన్న గోదాట్లోనే. అప్పట్నుంచి లైఫ్ జాకెట్ల మీద గట్టిగా పట్టుబడుతున్నారు. జాకెట్టు ఇస్తే భుజాన వేసుకుని ఊరుకోకుండా ముందు బెల్టులు బిగించుకోండి. వదులుగా ఉన్న జాకెట్టు నీళ్లలో తల మీదుగా ఊడిపోతుంది. బయల్దేరే ముందు భద్రాచలం నీటిమట్టం చూడాలి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరంలో ఆ హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక వినపడిందంటే దిగువన రేవులు ఈ రోజో రేపో మూతపడతాయి, పట్టిసమైనా సఖినేటిపల్లైనా.

కాకినాడవాళ్లకి ఎదురుగా కనిపించేది హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్లలో తయారైన సుమారు పదహారు కిలోమీటర్ల తిన్నె అది, కాకినాడ రేవును అలల నుంచి కాసేదీ అదే. ఒక్కరే బస్సులో వచ్చి చూసి పోయే చోటు మాత్రం కాదు. అటవీశాఖ అనుమతి కావాలి, బోటు మొత్తం మాట్లాడుకోవాలి, శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో కట్టుబాట్లు ఇంకా ఎక్కువ. పదిమంది జట్టు దొరికిన రోజు చూసుకుందురు గాని.

దానికి బదులు కోరంగి. కాకినాడ–యానాం బస్సులు చాలా ఉంటాయి, ముప్పావు గంట లోపే అభయారణ్యం దగ్గర దిగొచ్చు. 1978లో ప్రకటించిన అభయారణ్యం ఇది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కోరంగి ఒకప్పుడు ఓడరేవు, 1839 ఉప్పెన దెబ్బకి తేరుకోలేకపోయిన ఆ పాత రేవు పేరే అడవికి మిగిలింది. మడ చెట్ల మధ్య చెక్కల వంతెన వేశారు, దాని మీద నడవడానికి తోడు అక్కర్లేదు, పడవా అక్కర్లేదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇంతకంటే నిశ్చింతైన చోటు లేదు. దీవి కాకపోవడమే లోటు.

ఇక్కడ జనం నిరాశపడేది ఎక్కువగా పోటుపాట్లు చూసుకోక. పాటు మీద వెళ్తే బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య ఎర్ర డెక్కల పీతలు, గెంతే బురద చేపలు కనిపిస్తాయి. పోటు మీద వెళ్తే అవన్నీ నీటి కింద ఉంటాయి. అయితే కాలవలో బోటు తిరగాలంటే పోటే కావాలి, పాటు మీద అడుగు తగులుతుంది. పోటుపాట్లు ఆరేసి గంటలకు ఒకసారి మారతాయి, రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అందుకని ఈ ఆదివారం పొద్దున్న బోటు నడిచిందని వచ్చే బుధవారం అదే వేళకు నడుస్తుందనుకోకూడదు. చూసేది నడక దారి అయితే పాటు చివరి రెండు గంటలు ఎంచుకోండి. బావురు పిల్లిని చూడాలని మాత్రం పట్టు పట్టొద్దు, అది రాత్రి తిరిగే జంతువు. దోమల మందు మర్చిపోతే పది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తారు.

ఖర్చు విషయం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకోవాలి. ఉచితం కదా అని టిక్కెట్టు లేకుండా కూర్చోకూడదు. పంటుకీ పడవకీ ఆ పథకం వర్తించదు. పది, ఇరవై నోట్లు విడిగా పెట్టుకోండి, రేవులో సిగ్నల్ అందక ఫోన్‌పే తిరుగుతూ ఉంటే వెనక వరస ఊరుకోదు. మరుగుదొడ్డి పని బస్టాండులోనే ముగించుకోండి, రేవుల మీద భరోసా పెట్టుకోలేం.

వరద రోజుల్లో పడవలన్నీ ఆగినా లంక చూడాలనిపిస్తే రాజమండ్రి నుంచి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం పోయే బస్సెక్కండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉన్న బ్యారేజీలో ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్నవి లంకలే. ఎర్ర నీళ్లు గేట్ల కింద నుంచి దూకుతుంటే బస్సు పక్కనే పోతుంది. మనిషికి టిక్కెట్టు, దాటడానికి వంతెన, తిరుగు దారికి రావులపాలెం. మూడో హెచ్చరిక దాకా వస్తే మటుకు బ్యారేజీ మీద రాకపోకలు ఆపేయొచ్చు. లొల్ల లాకుల దగ్గర దిగి చూసి, ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని వెనక్కి రావడానికి పూట సరిపోతుంది. శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్నకు ఏడు వారాలు తిరిగే జనంతో ఆ రోడ్డు నిండిపోయి బస్సు కదలదు.