కౌన్సెలింగ్ కాగితం ఎందాకా పనిచేస్తుంది?

భీమవరంలో కౌన్సెలింగ్‌కి చాలాకాలంగా వెళ్తున్నాను. అందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, సమస్యని కాగితం మీద పెట్టించే పద్ధతి.

పైన ఒక్క వాక్యం రాయాలి. "చెరువు అప్పులు" అంటే కుదరదు. "మేత కొట్టు బాకీ సంగతి ఈ ఆదివారంలోగా నాన్నగారికి చెప్పాలి", ఇలా ఉండాలి. కింద తోచిన దారులన్నీ, మంచీచెడ్డా ఎంచకుండా. ఆ తర్వాతే ఒక్కోదానికీ లాభం, నష్టం. ఒకటి ఖాయం చేసుకున్నాక రోజు, వేళ, నోరు తెరవగానే అనాల్సిన మొదటి మాట కూడా రాసుకోవాలి. చాలామంది ఆ మొదటి మాట రాయకుండా వదిలేస్తారు. పని ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

మంచి కౌన్సెలర్ ఎవరో మరుసటి వారం తెలుస్తుంది. పని జరగలేదంటే "ఎందుకు చెయ్యలేదు?" అనరు. "ఏ అడుగు దగ్గర ఆగింది?" అని అడిగి, ఆ అడుగుని రెండు చేస్తారు: ముందు బాకీ లెక్క తేల్చుకోవడం, ఆపైన నాన్నగారి కంటే ముందు అమ్మకి చెప్పడం. "పెద్దవాళ్లు కదా, సర్దుకుపోండి" అనేవాళ్ల దగ్గర ఇది వట్టి కాగితమే.

అయితే ఇదే కాగితం తిరగబడే చోటు ఒకటుంది. రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు పోయిందనుకోండి. ఎవరి బాకీ ముందు, ఎవరిని గడువు అడగాలి, లీజు ఉంచాలా వదలాలా, ఇవన్నీ కాగితం మీద తేలతాయి. అవి తేలాక కూడా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తూ, తిండి సయించక, దేనిమీదా మనసు పోక 2 వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. ఆ స్థితిలో చిన్న పనీ కొండంత. కాగితంలో ఖాళీగా మిగిలిన ప్రతి గడీ "నావల్ల కాదు" అన్న ఆలోచనకి సాక్ష్యమైపోతుంది. అప్పుడు కూడా ధైర్యం చెప్పి అదే కాగితం మళ్లీ చేతిలో పెట్టే కౌన్సెలర్లున్నారు. నాకు కోపం వాళ్లమీదే.

థెరపీకి పంపాల్సింది అప్పుడు. ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదైన క్లినికల్ సైకాలజిస్టు ముందు పరిస్థితి అంచనా వేసి, పదేపదే వచ్చే ఆ ఆలోచన మీదే పనిచేస్తారు. రోజువారీ చిక్కులు కొద్ది సిటింగుల్లో తేలొచ్చు. ఆలోచనల మీదా అలవాట్ల మీదా పనిచేసే థెరపీ, సీబీటీకి మామూలుగా 12 నుంచి 20 పడతాయి. మందులు కావాలంటే సైకియాట్రిస్టు దగ్గరకి వెళ్లాలి. చనిపోవాలనిపిస్తుంటే మాత్రం సిటింగు రోజు దాకా ఆగొద్దు: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రీపగలూ, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకు నిద్ర చెడలేదు, ఇంట్లో వినే మనుషులున్నారు, అందుకే కాగితం సరిపోయింది. ఇంటాయన గల్ఫ్‌లో ఉండి, కోనసీమలో అత్తింట్లో ఒంటరిగా నెట్టుకొస్తున్నవాళ్లకి ఆ మొదటి మాట ఎవరితో అనాలన్నదే సమస్య. వాళ్లు ఇంకొన్ని సిటింగులు ఎక్కువే వేసుకోవాలి.